నాలుగో నంబరు

ఈసారి చవకది కొనను.

ఆరొందల జత ఒకటి ఉగాదికి ముందే నోరు తెరిచింది.
మళ్ళీ ఆరొందలు. వానల్లో అడుగు ఊడి
కంకర మీద చచ్చిన చేపలా పడుంది.
మళ్ళీ ఆరొందలు.
పదో తరగతి లెక్కల్లో నాకు డెబ్బై రెండు, నమ్మండి.
అయినా పద్దెనిమిదొందలు పోసి
ఏడాదంతా రాళ్ళని అరికాలితో చదివాను.

డిపార్ట్‌మెంటు జత ఇచ్చింది, కాదనను.
ఏడో నంబరు.
ముక్కులో పాత చీర ముక్కలు కూరి తొడిగితే
నేనొక అడుగేస్తే అది అరడుగు వేసేది.
రాయనపాడు యార్డులో హారన్ విని పక్కకి దూకినప్పుడు
నేను దూకాను, ఎడం బూటు దూకలేదు.
ఆ రోజు మా మేట్ యోహాను తిట్టలేదు.
టీ తెప్పించి, గ్లాసు చేతికిచ్చి
"సౌభాగ్యం, ముందు కాళ్ళు కొనుక్కో" అన్నాడు.

బీసెంట్ రోడ్డు మొత్తం తిరిగాను.
సేఫ్టీ బూట్లంటే "సార్‌ది నంబరెంత?" అంటారు.
"సార్‌కి కాదు, నాకే" అంటే
కుర్రాడు నవ్వాపుకుని
పూసలు కుట్టిన చెప్పులు చూపించాడు.
బాగున్నాయి. అబద్ధమెందుకు,
పెళ్ళిళ్ళకైతే కొనేదాన్నే.
ఇంకోచోట ఆరు నుంచే మొదలు.
"రెండు జతల సాక్సులేసుకోండి మేడం."
రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ,
పట్టా మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమనే బెజవాడలో
రెండు జతల సాక్సులంట!

స్టేషను గేటు దగ్గర ఏసోబు తాత,
నా పాత అడుగులకి మూడుసార్లు కుట్లేసినవాడు,
ముందే చెప్పి పంపాడు:
సాయంత్రం పో, పొద్దున పాదం అబద్ధమాడుతుంది.
రంగు చూడకు, అడుగు తిప్పి చూడు,
జిగురు పట్టుకుందా, దారం పట్టుకుందా.
వేళ్ళ దగ్గర వంగాలి, నడుం దగ్గర వంగకూడదు.
ఇంకేదో చెప్పబోతే దగ్గొచ్చింది.
దగ్గు తగ్గాక
"వాసన చూడు, తోలు తోలులా ఉండాలి" అన్నాడంతే.

వన్‌టౌన్‌లో, ఇనప సామాన్ల కొట్ల వెనక
జిలానీ భాయ్ నా మాటకి నవ్వలేదు.
నిచ్చెనేసుకుని అటకెక్కాడు.
దుమ్ము రాలింది, ఒక బల్లి రాలింది,
చివరికి ఒక పెట్టె దిగింది.
"ఎవరో ఆర్డరిచ్చి తీసుకుపోలేదమ్మా, రెండేళ్ళయింది."
నాలుగో నంబరు.

వాసన చూశాను. ఆయనేమనుకున్నాడో.
కుట్టు పొడుగునా గోరు నడిపాను.
సంచిలో స్పానరు తీసి ముక్కు మీద ఒక్కటిచ్చాను,
లోపల ఇనుము పలికింది.
కొట్లో తివాచీ మీద ఎవరైనా రాణిలా నడుస్తారు.
ఎదురుగా ఎవరో ఇల్లు కడుతున్నారు,
రోడ్డు పక్క నల్లకంకర గుట్ట.
"భాయ్, ఒక్కసారి" అని ఎక్కేశాను.
"అమ్మా, గీత పడితే వాపసుండదు!" గుమ్మంలోంచి కేక.
గుట్ట మీద నిలబడ్డాను.
రాయి కింద రాయి కదిలింది.
నేను కదల్లేదు.

ఇరవై మూడొందలన్నాడు.
పంతొమ్మిదన్నాను.
గీత చూపించాడు.
ఇరవై ఒకటికి తెగింది, లేసులు ఇంకో జత ఊరికే.

ఎడం చిటికెన వేలు కాస్త పట్టేస్తోంది.
ఏసోబు తాత కొయ్య అచ్చు లోపలికి దించి
"నీ తప్పు కాదు, బూటుదీ కాదు,
ఏ మనిషికీ రెండు కాళ్ళూ ఒక్కటి కావు" అంటూ
సుత్తితో తోలుకి మెల్లగా నచ్చజెప్పాడు.
డబ్బులిస్తే, "అరిగినప్పుడు ఇద్దువులే."

ప్రతి పట్టా నడుం మీదా
అది పుట్టిన ఏడాది ఉబ్బెత్తుగా ఉంటుంది.
రోజూ చదువుకుంటూ నడుస్తాను.
రాత్రి అందరూ పడుకున్నాక
బూటు నాలుక తిప్పి, లోపలి వైపు
బాల్‌పెన్నుతో ఇవాళ్టి తేదీ రాశాను.

పక్కన ఇంకో తేదీకి చోటొదిలాను.