తడిగుడ్డ

కోఠీ గొంతు దవాఖానల
రాత్రి డ్యూటీ నాది.
ఏడో మంచం, ఎనిమిదో మంచం.
ఇద్దరికీ స్వరపేటిక మీది కాయలు తీసిండ్రు.
మాట వద్దు, గుసగుస కూడ వద్దని
డాక్టరమ్మ తలా ఒక పలక ఇప్పించింది.

ఏడు, దేవవరం గారు. బొల్లారం చర్చిల
ముప్పై ఏండ్లు మైకు లేకుండ వాక్యం చెప్పిన గొంతు.
ఎనిమిది, జహీర్ సాబ్. యాకుత్‌పురాల
తెల్లారకముందే గల్లీని లేపే గొంతు.
మిర్యాలగూడ బడిల నేర్చిన తెలుగు ఆయనది,
దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ.

మొదటి రాత్రే మొదలైంది.
"జెకర్యాకు పట్టిన గతి పట్టింది మనకు"
అని రాసిండు దేవవరం గారు.
జహీర్ సాబ్ లేచి కూసున్నడు.
"జకరియ్యా అలైహిస్సలాం! మీకూ తెలుసా?"

తెలిసిన మనిషే ఇద్దరికీ.
ముసలాయన, ముసలి భార్య, ఉయ్యాల ఎరగని ఇల్లు.
ప్రార్థన కాడ ఉన్నప్పుడు కబురొచ్చింది, కొడుకు పుడతడని.
"నాకెట్ల తెలవాలె?" అన్నడట.

అక్కడ చీలింది తొవ్వ.

"నమ్మలేదు గనక నోరు కట్టేసిండు దేవుడు.
బిడ్డ పుట్టి ఎనిమిదో దినం దాక."
"కాదు. గుర్తు ఇయ్యి అని ఆయనే అడిగిండు.
ఇచ్చిన గుర్తే ఆ మౌనం. మూడు రాత్రులు.
ఒంట్ల ఏ లోపం లేకుండ."
లోపం కింద రెండు గీతలు.

"మరి అడిగింది అనుమానం కాదా?"
"వానొస్తదా అని రైతు అడిగితే
మబ్బును తిట్టినట్టా?"

సుద్దముక్కలు విరిగినయ్.
నిండిన పలకను నిండినట్టు తుడిచేది నేను.
ఇంత గట్టి కొట్లాట ఇంత నిశ్శబ్దంగ
పదకొండేండ్ల నౌకరీల చూడలే.
మూడో మంచం ముసలమ్మ నిద్ర కూడ చెడలే.

రెండో సాయంత్రం నా బిడ్డ వచ్చింది,
మలక్‌పేట చెవిటి పిల్లల బడి నుంచి
నాకు టిఫిన్ డబ్బా పట్టుకొని.
మౌనిక.
ఆ పేరు పెట్టినప్పుడు మాకింకా తెలవదు.
పెద్దమనుషులిద్దరు చేతులు ఊపుతుంటే చూసి
కిసుక్కున నవ్వింది.
నీళ్లు అనబోయి జహీర్ సాబ్
ఏనుగు అన్నడట.

మంచం అంచున కూసోని నేర్పింది:
ఆకలి. నొప్పి. లైటు బంద్ చెయ్యి.
వంకర వేళ్లను పట్టి సరిచేసింది, పంతులమ్మ లెక్క.
దేవవరం గారు రాసి నా దిక్కు తిప్పిండు,
"పాపకు ఇది ఎప్పటి నుంచి?"
పుట్టుక నుంచే అన్న.
ఆయన సుద్దముక్క పలక మీదనే ఆగింది.
ఎవరి అనుమానానికయ్యా అని నేనడగలే.
దేనికి గుర్తు సాబ్ అని ఆయననూ అడగలే.
మా అత్త అడిగినవే చాలు ఒక జన్మకు.

మౌనిక ఆ పలక గుంజుకొని
ఏనుగు బొమ్మ గీసింది.

మూడో రాత్రి పేరు దగ్గర మళ్ళీ మొదలు.
చుట్టాలు గొడవపడితే ముసలాయన
పలక తెప్పించుకొని కొడుకు పేరు రాసిండట,
దేవవరం గారి లెక్క అది.
జహీర్ సాబ్ లెక్కల పలక లేదు.
పేరు పైనుంచే వచ్చింది, అంతకుముందు ఎవరికీ లేని పేరు.
ఒక పలక మీద యోహాను.
ఒక పలక మీద యహ్యా.
పిల్లగాడు ఒక్కడే.
ఇద్దరూ తగ్గలే.

నాలుగో పొద్దు డాక్టరమ్మ లైటేసి చూసింది.
జహీర్ సాబ్‌ను "ఆ" అనమంటే అన్నడు,
తుప్పు పట్టిన గేటు తెరిచినట్టు.
దేవవరం గారికి ఇంకో నెల.
ఆయన నవ్వాల్నో ఏడ్వాల్నో తెలవక
"చూసినవా, మాది మా లెక్కే" అని రాసిండు.
జహీర్ సాబ్ నోరు తెరిచి, మళ్ళీ మూసి,
నా బిడ్డ నేర్పిన చేతులతోనే బదులు చెప్పిండు.
నాకు సగమే సమజైంది.

దుప్పట్లు మార్చి పలకలు కడిగిన.
తడి ఉన్నంతసేపు నల్లగ, ఏమీ లేనట్టే.
కిటికీల ఆరబెట్టి చాయ తాగొచ్చేసరికి
రెండు పేర్లూ మళ్ళీ సన్నగ తేలినయ్,
ఒక మూలకు ఏనుగు తొండం.