గుమాస్తా పెట్టిన ఇంటిపేరు

బెడ్‌ఫోర్డ్ ఇటుకల బట్టీలో
మా తాతని డెన్నీ అన్నారు.
జీతం కవరు మీద డెన్నీ,
అద్దె పుస్తకంలో డెన్నీ.
సమాధి రాయి దగ్గర మాత్రం
నానమ్మ ఫిలుమెనా అడ్డం తిరిగింది.
చెక్కేవాడి పక్కన నిలబడి
అక్షరం అక్షరం చెప్పించింది: డి నేవే.
అక్షరానికి ఇంతని తీసుకుంటారు,
పొట్టి పేరే పోనీ అమ్మా అని
నాన్న గొణిగాడట.

ఆ రాయి దగ్గరే మొదలుపెట్టాను,
కిందటి నవంబరులో,
మోకాలి ఆపరేషనయ్యాక
మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పిన ఆరు వారాల్లో.
మెట్లు వద్దన్నారు గనక
మనుషుల మీదుగా ఎక్కాను.

తాత పాంక్రాజియో,
నాలుగేళ్ల కాంట్రాక్టుకి వచ్చి
నలభై ఏళ్లు మట్టి పిసికినవాడు.
మా వంటింటి తలుపుకి ఇప్పటికీ అడ్డం పెట్టేది
ఆయన బొటనవేలు దిగబడ్డ ఇటుకే.
పచ్చి మీద పడ్డ వేలు, కాలాక పోలేదు.
ఆయన తండ్రి రోక్కో, గాడిదల బేరగాడు.
ఆ పైన ఇంకో పాంక్రాజియో.
మావాళ్లకి పేర్లలోనూ పొదుపే,
పోయినవాడి చొక్కాలా
పుట్టినవాడికి తొడిగేవాళ్లు.
ఆ పైన నికాండ్రో.
నికాండ్రో పైన

అస్సుంతా అత్త లూటన్ నుంచి రోజూ ఫోను.
"దొరకలేదా ఇంకా? మనది బారన్ల వంశం.
కోటలో మనకో గది ఉండేది, నాన్న చెప్పేవాడు."
ఎనభై ఎనిమిదేళ్ల మనిషి.
పదిహేనేళ్లకే చాక్లెట్ల ఫ్యాక్టరీలో చేరి
జీవితమంతా పెట్టెలు కట్టింది.
ఆ గదిని ఆమె దగ్గర నుంచి లాక్కోవడానికి
నాకు నోరు రాలేదు.

కంపోబాస్సో నుంచి కాగితం వచ్చింది.
పద్దెనిమిది వందల ముప్పై ఒకటి, జనవరి,
రాత్రి రెండు గంటలు.
గోడలో తిరిగే చెక్క పీపా ఒకటి ఉండేదట,
వీధిలోంచి బిడ్డని పెడితే లోపలికి తిరిగేది.
పెట్టిన చేతులు లోపలివాళ్లకి కనపడవు,
ఎత్తుకున్న చేతులు బయటివాళ్లకి కనపడవు.
మగబిడ్డ. మూడు రోజులవాడు కావచ్చు.
మెడలో సగానికి కోసిన రాగి పతకం.
రెండో సగం ఎవరి కొంగులో ఉండిపోయిందో
కాగితానికి తెలియదు.

ఇల్లు లేనివాడికి ఇంటిపేరు పెట్టాలి.
గుమాస్తా తల ఎత్తి
కిటికీలోంచి చూసి ఉంటాడు.
మంచు పడుతోంది.
మంచు అని రాసి, సిరా మీద ఇసక చల్లి,
చలికి చేతులు రుద్దుకుని ఉంటాడు.

అంతే మా వంశం.
ఒక రాత్రి వాతావరణం.

కింద ఇంకో వరుస.
బిడ్డని ఎత్తుకున్నది: కొలోంబా, వితంతువు, రాత్రి కాపలా.
సంతకం రాదు, ఇంటూ గుర్తు.
కలం గట్టిగా నొక్కింది, కాగితం కాస్త చిరిగింది.
కంప్యూటర్లో నేను గీసుకున్న చెట్టులో
ఆమెని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.
తల్లి అనే గడి నొక్కితే
రక్త సంబంధమేనా అని అడిగింది.
దాన్ని మూసేసి వంటింట్లోకి వెళ్లి
ఇటుకని కాలితో కొంచెం జరిపాను, ఊరికే.

ఆదివారం అత్తకి చెప్పేశాను.
బారన్ లేడు, కోట లేదు,
చక్రం, మంచు, సగం పతకం.
అవతల చాలాసేపు టీవీ శబ్దమే.
తిడుతుందనుకున్నాను,
ఏడుస్తుందేమో అని కూడా.

"బిడ్డకి ఏం కప్పారు?" అంది.
గుడ్డ అన్నాను.
"ఏం గుడ్డ? జనవరి కదా. సరిగ్గా చూడు."

కళ్లద్దాలు తెచ్చుకుని
గుమాస్తా గొలుసు రాత మీద వేలు పెట్టి
మళ్లీ చదివాను.

ఉన్నిది, అత్తా. గొర్రె ఉన్నిది.
రెండు మడతలు.