అరవై నాలుగు బస్తాలు

మార్చి ఇరవై తొమ్మిది.
నెల్లూరు ఆఫీసులో ఒక ఖాళీ షీటు పంపి
ఎల్లుండి రాత్రికి నిండాలన్నాడు మేనేజరు.
డీలర్ కోడు, బిల్లు నంబరు, తేదీ, బస్తాలు, బరువు.
గోడౌనుకు చేరిన మేత కాదు,
గుంట గట్టెక్కిన మేతకే రిబేటు.

కోవూరు బిల్లులు వాట్సాప్‌లో వచ్చాయి,
సగం ఫొటోల్లో బొటనవేలే.
విడవలూరులో ఒకటే కొట్టు, మూడు జీఎస్టీలు:
తన పేరున, బావమరిది పేరున,
ఇంకా బడికి పోతున్న పిల్లోడి పేరున.
రామతీర్థంలో టీ తాగించి అడిగారు:
"పోయినేటి రిబేటే రాలే,
ఈ ఏటి లెక్క ఎందుకబ్బయా?"
ఆ మాట రాసుకోడానికి
నా షీటులో గడి లేదు.

ఇస్కపల్లి చేరేసరికి మిట్టమధ్యాహ్నం.
ఉప్పు కయ్యల మీద ఎండ కళ్లు తెరవనివ్వదు.
దొరసానమ్మ కొట్లో ఫ్యాను కింద
చేప నూనె, తవుడు, తడి గోనె కలిసిన వాసన.
ఎర్ర అట్ట పుస్తకం నా ముందుకు తోసి
తను బస్తాల మీదే కూచుంది.

మూడొందల పన్నెండు బిల్లులు.
ఆమె చదివింది, నేను కొట్టాను.
పేర్లు చదివేటప్పుడు మాత్రం ఆగి
ఎవరి గుంటలో కౌంటు ఎంతొచ్చిందో చెప్పేది.
అవీ గడుల్లో పట్టవు.
చివరికి మొత్తం తేలింది:
నాలుగు వేల ఎనిమిది వందల బస్తాలు,
నూట ఇరవై టన్నులు.
సరిగ్గా గీత మీద.
గీత దాటితే కిలోకి రూపాయిన్నర,
ఒక్క బస్తా తగ్గినా రూపాయే.

అప్పుడు పుస్తకం ఆఖరి పేజీ లోంచి
గుండుసూది గుచ్చిన చీటీ తీసింది.
"పోలయ్య. వాపసు, అరవై నాలుగు.
నలభై రోజుల పిల్లకి తెల్లమచ్చ.
మిగిలిన మేత నా కొట్లో దించిపోయినాడు."

చీటీ ఆమె చేతిరాతలో ఉంది.
కంపెనీకి తెలీదు, షీటుకీ తెలీదు.
మనసులోనే లెక్క కట్టాను:
అరవై ఒక్క వేల ఆరు వందలు.
సెల్లు తీసి చార్జింగు చూసుకున్నట్టు నటించాను.

"చూస్తండావేం, రాసుకో.
తిరిగొచ్చిన బస్తాని అమ్మినానంటే
ఆ మూలనించి అవే నవ్వుతాయి."

మైనస్ అరవై నాలుగు.
వరస మొత్తం ఎర్రబడింది.
"అదేంది, అట్టయింది?"
"తగ్గితే అట్టే అవుద్దమ్మా."
"మాకైతే అట్టే ఎరుపు," అంది పుస్తకం మూస్తూ,
"లోపలంతా నీలం సిరానే."

అల్లూరు మీదుగా వెనక్కి వస్తుంటే
చీకట్లో ఏరేటర్లు నీళ్లని కొడుతూనే ఉన్నాయి.
ముప్పై ఒకటి రాత్రి పదకొండింటికి
మేనేజరు ఫోను:
"ఇరవై ఏడు మంది డీలర్లు,
వాపసు ఒక్కరిదేనా?"

"అవును సార్.
ఈ ఏడు తెల్లమచ్చ
ఒక్క ఇస్కపల్లికే వచ్చినట్టుంది."