వాకిలి ఊడ్చాక

బానా కటోంగో, అంటే కటోంగో వాళ్లమ్మ,
మనుషులొస్తున్నారని
వాకిలి రెండుసార్లు ఊడ్చింది.
నేల మీద చీపురు గీతలు, దువ్విన తల పాపిళ్లలా.
అడుగు వెయ్యడానికి మాకే మనసొప్పలేదు.

మనుషులంటే మేమే.
నేనూ, యంత్రం మోసే కపెంబ్వా,
పాతిక సంచులూ, ఒక జల్లెడా, ఒక పెన్సిలూ.
పెన్నయితే చెమటకి అలుక్కుపోతుంది.

యంత్రం తుపాకీలా ఉంటుంది.
పిల్లలు చేతులెత్తి నిలబడి పకపకా నవ్వారు.
మూతి నేలకి ఆనించి
అరవై సెకన్లు కదలకూడదు.
నాలుగొందలు దాటితే పిల్లల్ని ఆడనివ్వొద్దని
మా దగ్గరున్న కాగితం.

బొప్పాయి కింద పద్దెనిమిది వందలు.
కోళ్ల గూటి దగ్గర రెండువేల మూడొందలు.
గుమ్మడాకు కోసుకునే మడిలో
కపెంబ్వా అంకె పైకి చదవలేదు,
తెర నా వైపు తిప్పాడు.

గడప పక్కన, గోడవార, మరీ ఎక్కువ.
ఎందుకో చెప్పడానికి యంత్రం అక్కర్లేదు.
గని గుట్ట మీంచి గాలి తెచ్చి పోసిందాన్ని
ముప్పై ఏళ్లుగా ఆమె చీపురు
పొద్దున్నే కాస్త కాస్తగా అక్కడికి చేర్చింది.
మనవరాలు లుకుండో కూర్చునేదీ అక్కడే, నీడపట్టున,
వేళ్లు నోట్లో పెట్టుకుని.

మా భాషలో సీసమని ఒక పద్యం ఉంది.
పాదాలు పొడుగు, ఒక్కొక్కటీ సగానికి విరుగుతుంది,
చివర తేటగీతో ఆటవెలదో తోడు రానిదే ముగియదు.
ఆమెకది చెప్పలేదు.
చెప్పాల్సిన సీసం వేరే ఉంది.

పోల్చి చూడ్డానికి మంచి మట్టి ఒకటి కావాలి.
ఊరవతల, ఈ గాలి పోని వైపు,
సమాధుల అంచున తవ్వాం.
ఇరవై ఆరు.
యంత్రం చెడిందేమోనని మళ్లీ పెట్టాం. ఇరవై ఎనిమిది.

బానా కటోంగో మా వెంటే వచ్చింది.
కొలిమిలో ఇరవై రెండేళ్లు చేసిన మొగుడు
అక్కడే ఉన్నాడు, నాలుగో వరసలో.
అంకె ఎంతని అడిగింది. చెప్పాం.
"అయితే ఆయనకి మంచి మట్టే దొరికింది"
అంది, అద్దెకి ఇల్లు దొరికినట్టు.

తిరిగొస్తూ దారిలో ఆగింది.
"మరి రేపు వాకిలి ఊడవాలా, వద్దా?"
నీళ్లు చల్లి ఊడవమన్నాడు కపెంబ్వా.

వీధి కుళాయి వచ్చేది గురువారం.
ఇవాళ శుక్రవారం.