తిరగబడ్డ ఐదు

థండర్ బేలో రాత్రి పదకొండు.
మంచు తోసే బండి వీధిని గీరుకుంటూ పోయింది.
ఐలా వంటగది బల్ల మీద లాప్‌టాప్,
అందులో ఇంకా తెరవని అంగడి:
మూడో తరగతి లెక్కల కాగితాలు, కట్ట మూడు డాలర్లు.
నెత్తిన బ్యానర్ ఒక్కటే బాకీ.

ముందు యాపిల్ పెట్టింది. తీసేసింది.
పెన్సిల్ పెట్టింది, దానికో నవ్వుమొహం కూడా.
ఏ దుకాణం చూసినా అదే పెన్సిల్, అదే నవ్వు.
పసుపు వేస్తే కామెర్లు,
నీలం వేస్తే పళ్ళ డాక్టరు బోర్డు.
ఫోన్లో చూస్తే తోక తెగి
పేరులో "ఐ" ఒక్కటే మిగిలింది.

కత్తెర కోసం సొరుగు లాగితే
చేతికి తగిలిందా కాగితం.
బస్సు వేళల చీటీ వెనక
చుక్కలు చుక్కలుగా తను గీసిన మొట్టమొదటి పాఠం.
దానికప్పుడు ధర లేదు.
చుక్కల్ని ఖాతరు చెయ్యకుండా, పక్కనే
ఎమెట్ రాసిన ఐదు,
అద్దంలోంచి చూసినట్టు, పొట్ట అటువైపుకి.

ఫోటో తీసి బ్యానర్ నడిమధ్యన పెట్టింది.
నీళ్ళకని లేచొచ్చిన లౌరి
భుజం మీంచి చూసి "ఐదు తప్పు" అన్నాడు.
"తెలుసు."

వాణ్ణి ఒకమాట అడగాలి కదా.
ఇప్పుడు మంచు బండే తోలుతున్నాడని ఎవరో అన్నారు.
లేచి కిటికీ తెర తీసింది.
వీధి అప్పటికే శుభ్రంగా ఉంది.