ఎడమ చెవి

కుడి ఇయర్‌ఫోన్ ఎప్పుడో చచ్చిపోయింది.
అందుకే రాజ్యం మొత్తం ఎడమ చెవిలోనే.
కుడి చెవిలో కండక్టరు:
సింధియా, సింధియా, దిగేవోళ్లు బేగి రండి.

కథలో పిల్ల పేరు ఈరిక. పదిహేనేళ్లు.
నీడల్ని చీరల్లా మడతపెట్టి
ఇనప్పెట్టెలో దాస్తుంది.
ఎందుకో ఇంకా చెప్పలేదు.

"మొదటి పుస్తకమంట మావా,
రాసినామె నాకంటే ఒక్క ఏడే పెద్దది"
అని నా ఫోన్లో ఎక్కించింది
మెషిన్ షాపులో అప్రెంటిస్ గుంట, ధనూష.

మొదటిదని తెలుస్తూనే ఉంది.
ప్రతి తలుపూ కిర్రుమనే తెరుచుకుంటుంది.
లెక్కపెట్టాను. మల్కాపురం దాకా తొమ్మిది.
నేను మైక్రోమీటరుతో బతికిన మనిషిని,
వెంట్రుకవాసి తేడా వస్తే
ముక్క తీసి పక్కన పడేస్తాను.

కానీ కోట గుమ్మం దగ్గర
ఈరిక తన నీడనే తాకట్టు పెట్టేచోట
చదివే అమ్మాయి గొంతు ఆగింది.
గుటక వినిపించింది.
ఎవరూ కత్తిరించలేదు దాన్ని.

కిటికీ అద్దం మీద పోర్టు బొగ్గు ధూళి.
వెనక లారీ లైట్లలో నా నీడ
ముందు సీటు ముసలాయన భుజమ్మీద వాలి ఉంది,
ఆయనకి తెలీదు.
దాన్నే చూస్తూ కూర్చున్నాను.
గాజువాక దాటిపోయింది.

రెండు స్టాపులు వెనక్కి నడక.
ఎనిమిదో అధ్యాయం సగంలో చార్జింగు అయిపోయింది,
ఈరిక ఇంకా మెట్ల మీదే ఉంది.

మొన్న ఆదివారం నేనే నూనె పోసిన తలుపు
చప్పుడు లేకుండా తెరుచుకుంది.
మళ్లీ మూసి,
ఇంకోసారి తీశాను.