బేస్ సోలో, ముప్పై రెండు బార్లు

"రాజకీయాలొద్దు, పాటల గురించే రాయి"
అంది గ్రెట్చెన్, ఫోన్లో.
ఆరు వందల మాటలు, పొద్దున ఎనిమిదింటికల్లా.
సరేనన్నాను.
నా భాషలో ఆ రెంటికీ వేరే మాటలున్నాయా అని
బస్సు దిగాక గానీ తట్టలేదు.
నాయకుడికి బాకా ఊదుతాం,
ఎవరి డప్పు వాళ్లం కొట్టుకుంటాం,
పైవాడు ఏదంటే దానికి వంత పాడతాం.
తలుపుకి వేసేదీ తాళమే,
తొడ మీద వేసేదీ తాళమే.

మిల్వాకీలో మార్చి మంచు
బూడిదరంగు తిరిగి, ఉప్పుతో కలిసి బూట్లు కొరుకుతుంది.
చెప్పుల రిపేరు కొట్టు కింద
పదమూడు మెట్లు దిగితే క్లబ్బు.
ముప్పై కుర్చీలు, నాలుగు కుంటివి.
నాది కుంటిదే, ఐస్ మెషీన్ పక్కన,
పదేళ్లుగా.

పియానో ముందు ఒడెస్సా ట్రింబుల్.
డ్రమ్స్ వెనక థాడియస్.
బేస్ మాత్రం పక్కకి ఒరిగి పడుకుంది,
జ్వరమొచ్చిన పిల్లాడికి కప్పినట్టు
దాని మీద ఎవరిదో కోటు.
ఎవరిస్టోని సోమవారం తెల్లారుజామున
కోళ్ల ఫ్యాక్టరీ పార్కింగులో వ్యానెక్కించారట.
ఎక్కడున్నాడో
వాళ్లావిడకి బుధవారం దాకా తెలియలేదట.
ఇది ఒడెస్సా చెప్పలేదు, మైకు ముట్టుకోలేదు.
నిమ్మకాయలు కోసే కుర్రాడు చెప్పాడు,
తలెత్తకుండా.

మూడో పాటలో అతని వంతొచ్చింది.
ఒడెస్సా చేతులు ఒళ్లో పెట్టుకుంది.
థాడియస్ బ్రష్షులు గాల్లో ఆగాయి.

ముందు ఐస్ మెషీన్ వినిపించింది.
తర్వాత ఎవరిదో దగ్గు,
పైన రోడ్డు మీద బస్సు మోకాళ్లు వంచిన నిట్టూర్పు.
ఎనిమిదో బారులో ఎర్ర టై ఆయన
గ్లాసు కింద ఇరవై డాలర్లు పెట్టి వెళ్లిపోయాడు.
పదమూడు మెట్లూ విన్నాం.

నిరుడు నేనే రాశాను, అచ్చులో ఉంది:
"పినేడా స్వరానికీ స్వరానికీ మధ్య
ఖాళీ మరీ ఎక్కువ వదులుతాడు,
పొదుపనాలో బద్ధకమనాలో."
అది చదివి నాకు బీరు కొనిచ్చాడు.
"ఖాళీ కాదు సార్,
అక్కడ మీరు ఊపిరి తీసుకోవాలి."

తీసుకోలేదు. లెక్కపెడుతున్నాను.
చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు.
కాకినాడలో మేష్టారు
మోకాలి మీద కొట్టి నేర్పిన లెక్క,
నిద్రలో కూడా తప్పనిది.

పదకొండో బారు దగ్గర
నా చెయ్యి తొడ మీంచి లేచి
కోటు లోపలి జేబు తడిమింది.
ఉంది.
పౌరసత్వం కాగితం జిరాక్సు, నాలుగు మడతలు.
చెయ్యి తిరిగొచ్చేసరికి
అది పద్నాలుగో, ఇరవయ్యో.

తర్వాత బ్రష్షు దిగింది, పియానో దిగింది,
రెండూ ఒక్కచోటే, వెంట్రుకవాసి తేడా లేకుండా.
వెనక వరసలో ముసలాయన చప్పట్లు కొట్టాడు,
సోలో అయ్యాక కొట్టే మామూలు చప్పట్లు.
మిగతావాళ్లం ఆయన్ని చూసి కొట్టాం.

రాత్రి రెండున్నరకి పంపాను.
గ్రెట్చెన్ వ్యాన్ కొట్టేసింది, ఫ్యాక్టరీ కొట్టేసింది,
ఒక్క వాక్యం ఉంచింది:
"బేస్ సోలో నిడివి ముప్పై రెండు బార్లు,
బ్యాండు సరిగ్గా సమం మీద దిగింది."

పదకొండో బారు దగ్గర
ఒకడు తాళం తప్పాడన్నది
ఆమె కొట్టేసింది కాదు.
నేనే రాయలేదు.